చేతులతో వినేవాళ్లు

నాకు అక్షరాలు నేర్పింది బడే. కానీ వాక్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట తర్వాత ఒక్క క్షణం ఊరుకోవాలో నేర్పింది మాత్రం బోధన్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా గల్లీ మగవాళ్లు తలో దారి పట్టారు. మా బాపు నిజామాబాద్‌లో ఆటో నడపడానికి వెళ్లాడు. ఆడవాళ్ల పని మాత్రం మారలేదు. మధ్యాహ్నం అన్నాలు తిని, చాటలు చంకన పెట్టుకుని, నీడ ఉంటుందని మా వసారాకు వచ్చేవాళ్లు. తడిపిన తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, కొస మలవాలి, దారం కట్టాలి. ఆ పనంతా చేతులది. చెవులు ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీని నింపే పని నాకు పడింది.

ఊళ్లో గ్రంథాలయం ఉంది. బడి వదలగానే అక్కడికే పోయేదాన్ని. కథలు, యాత్రలు, పసుపు పంటకు వచ్చే తెగుళ్ల మీద పుస్తకం, మధ్య సంపుటాలు లేని విజ్ఞాన సర్వస్వం, ఏది దొరికితే అది చదివాను. పుస్తకం వెనక తారీఖులు వేసే కాగితం ఖాళీగా కనిపిస్తే నాకు జాలి వేసేది. ఎవరూ తీసుకెళ్లని పుస్తకాన్ని నేను తీసుకొచ్చి వసారాలో పైకి చదివేదాన్ని. ఆ రోజుల్లో మా టీచర్ల కంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పూర్తిగా పోలేదు.

మా వసారాలో చదివేవాళ్ల మొహం వంక ఎవరూ చూడరు. చూస్తే ఆకు పాడవుతుంది. తలలన్నీ వంగి ఉంటాయి. కత్తెరల చప్పుడు సమంగా సాగుతోందంటే కథ బాగుందన్నమాట. చప్పుడు మందగించిందంటే కథలో ఎవరికో కష్టం వచ్చిందన్నమాట. చేతులు పూర్తిగా ఆగాయంటే మాత్రం కథలో కాదు, బయట ఏదో జరిగినట్టు. ఫ్యాక్టరీ ఇక నడవదట అని పక్కింటాయన వచ్చి చెప్పిన సాయంత్రం అందరి చేతులూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది.

నేను చదువుతూ కూర్చుంటే అమ్మకు కొసలు మలిచి ఇచ్చే చెయ్యి ఒకటి తగ్గేది. అందుకని లేచి వెళ్లే ముందు ఒక్కొక్కరు తమ చాటలోంచి పిడికెడు బీడీలు తీసి అమ్మ చాటలో వేసేవాళ్లు. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు. 'చదివేటోళ్ల పిడికెడు' అనేవాళ్లు. గల్లీకంతటికీ పెద్దది ఒకామె ఉండేది. అందరం పెద్దవ్వ అనేవాళ్లం. ఆమె మాత్రం పిడికిలి సగమే తెరిచి,

"ఇయ్యాల నీ కథల పస లేదే పిల్లా. గిది పిడికెడు గాదు, చిటికెడే. రేపు మంచిది తెచ్చుకో" అనేది.

మర్నాడు గ్రంథాలయంలో నేను వెతికింది ఆమెకు నచ్చే పుస్తకమే.

డిగ్రీకి నిజామాబాద్ హాస్టల్‌లో చేరాను. చివరి సంవత్సరం మా మేడం ఒక వ్యాసం పోటీ గురించి చెప్పింది. భిన్నత్వం, అందరినీ కలుపుకుపోవడం అనే విషయం మీద రాయాలి. ఎంపికైతే నెదర్లాండ్స్‌కు చదువు యాత్ర, ఖర్చంతా పోటీ పెట్టినవాళ్లదే. నేను జిల్లా గ్రంథాలయంలో కూర్చుని రాసి పంపాను. ఎంపికయ్యాను. మా వైపు నుంచి నేనొక్కదాన్నే. మిగతావాళ్లందరూ హైదరాబాద్ కాలేజీల వాళ్లు.

వాళ్లు పంపిన కార్యక్రమం వివరాల్లో చివరి రోజు గురించి చదివి నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు అక్కడి గ్రంథాలయంలో మనుషులే పుస్తకాలవుతారు. ఒక్కొక్కరు తమ బతుక్కి ఒక పేరు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. ఊరివాళ్లు వచ్చి, నచ్చిన మనిషిని అరగంట సేపు తీసుకుని, ఎదురుగా కూర్చుని వింటారు. మాలో ఎవరైనా పుస్తకం కావచ్చు.

ఇన్నేళ్లు గ్రంథాలయం నుంచి తీసుకుంటూ వచ్చినదాన్ని, ఒక్కరోజు దాని అరలో నేనూ ఉండొచ్చు. ఆ యాత్రలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది. విమానం, మంచు, ఫొటోలు, ఏవీ అక్కర్లేదు. ఇంటికి వచ్చినప్పుడు వసారాలో ఆ మాట చెప్పాను.

"పుస్తకమైతవా?" అంది పెద్దవ్వ తల ఎత్తకుండానే. "అయితే చెదలు పట్టకుంట సూసుకో. తానం జేస్తవో లేదో గా సలికి."

"మా పిడికెళ్లు తిన్న పుస్తకం గదా పెద్దవ్వా, మంచిగనే అమ్ముడువోతది" అంది ఇంకొకామె.

"అమ్ముడువోవుడు గాదే, చదివిచ్చుకునుడు" అంది అమ్మ.

నవ్వులు. కత్తెరలు ఆగలేదు.

విమానాశ్రయం నుంచి మా బస్సు చాలా దూరం పొలాల మధ్య నుంచి పోయింది. నవంబరు నెల. గట్ల మీద బురద పట్టిన దుంపలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఇంకొంత దూరం పోయాక పెద్ద గొట్టాల్లోంచి తెల్లటి ఆవిరి. అదేమిటని అడిగితే, చక్కెర ఫ్యాక్టరీ, ఇక్కడ దుంపల నుంచి తీస్తారని చెప్పారు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. అద్దం కొంచెం తెరిచి ఉంది. వాసన వచ్చింది. మా ఊళ్లో చెరుకు ఆడే రోజుల్లో వచ్చిన మొలాసిస్ వాసన కాదది. మట్టిని ఉడకబెట్టినట్టు ఉంది. అయినా అద్దం దగ్గరికి ఇంకా వంగాను. నడుస్తున్న చక్కెర ఫ్యాక్టరీని చూసి ఎన్నేళ్లయిందో. పక్కన కూర్చున్న అమ్మాయికి చెబుదామని తిరిగాను. ఆమె చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. నేను కూర్చున్నాను.

తరగతులు ఒక పాత భవనంలో జరిగేవి. కుర్చీలు గుండ్రంగా వేసేవాళ్లు. యాత్ర నడిపే ఆమె మంచి మనిషి. మొదటి రోజే ఒక నియమం చెప్పింది.

"ఇక్కడ ఎవరు మాట్లాడినా మిగతావాళ్లు చేతిలో ఏమీ ఉంచుకోవద్దు. వాళ్ల కళ్లలోకి చూడండి. నీ మాట నాకు ముఖ్యం అని చెప్పే పద్ధతి అది."

ఫోన్లు చూసుకోవద్దని ఆమె ఉద్దేశం. నాకు అర్థమైంది. కానీ నా వంతు వచ్చినప్పుడు జరిగింది వేరు. నేను నోరు తెరవగానే అందరి చేతులూ ఒళ్లోకి పోయాయి. అందరి కళ్లూ నా మీదికి వచ్చాయి. గదిలో చిన్న చప్పుడు లేదు. ఏమైంది, ఎవరికేమైంది అని తలుపు వైపు చూశాను. ఏమీ కాలేదు. వాళ్లు వింటున్నారు, అంతే. నేను వాక్యం మధ్యలో ఆగిపోయి, నా పేరు, ఊరు మళ్లీ ఒకసారి చెప్పి కూర్చున్నాను.

ఇతరులు మాట్లాడేటప్పుడు మరో చిక్కు. వినాలంటే నా చేతులకు పని కావాలి. నాకు తెలియకుండానే వాళ్లిచ్చిన కాగితాల అంచులు చింపి, సన్నగా చుట్టి, కొసలు మలిచి ఒళ్లో పేర్చుకునేదాన్ని. తల వంచుకుని. చూపు లేకుండా పుట్టిన ఒకతను తన చిన్నతనం చెప్పిన రోజు నా ఒడి నిండిపోయింది. అతను చెప్పిన ప్రతి మాటా ఇప్పటికీ అప్పజెప్పగలను. అతని ఇంట్లో మెట్టు మెట్టుకూ వేరే చప్పుడు ఉండేదట. మధ్య మెట్టు చప్పుడును బట్టి తాగి వచ్చిన నాన్నను గుర్తుపట్టేవాడట.

పక్కనున్న హైదరాబాద్ అబ్బాయి నా ఒడి వంక చూసి తెలుగులో గొణిగాడు.

"ఏంటక్కా, ఈ దేశంలో గంజాయి కూడా షాపులోనే దొరుకుతుందట కదా. నువ్వెందుకు కష్టపడి చుట్టుకోవడం?"

అటూ ఇటూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి వాళ్లు టీ తాగడానికి పోతూ, "నీ సరుకు తెచ్చుకున్నావా?" అనేవాళ్లు. చెడ్డ మనసుతో కాదు. కానీ ఆ నవ్వులో నేనూ ఒక మాట కలపడానికి వసారాలో దొరికినట్టు ఇక్కడ నాకు మాట దొరికేది కాదు.

యాత్ర నడిపే ఆమె ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచింది. మెత్తగా మాట్లాడింది.

"నీకు ఇవన్నీ విసుగ్గా ఉన్నాయేమో."

"లేదు. నేను వింటున్నాను."

"నువ్వు ఎవరి వైపూ చూడటం లేదు. నీ చేతులు కాగితాలు చింపుతున్నాయి. భయమైతే చెప్పు, తప్పు లేదు. చివరి రోజు పుస్తకంగా కూర్చోవాలని బలవంతం ఏమీ లేదు. నువ్వు హాయిగా పాఠకురాలిగా ఉండు. అదీ గొప్ప విషయమే."

నేను వింటున్నాను, అలాగే వింటాను అని చెప్పడానికి నాకు తునికాకు, చాట, వసారా, పిడికెడు, ఇవన్నీ ఇంగ్లీషులో కావాలి. చదవడానికి సరిపడా ఇంగ్లీషు ఉంది నాకు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పేంత లేదు. "నేను పుస్తకంగానే కూర్చుంటాను" అని మాత్రం అన్నాను. ఆమె తల ఒక పక్కకు వంచి, సరేనంది.

గదికి పోయి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పడుకునే వేళ. గొంతులో నిద్ర ఉంది.

"ఏం దిన్నవ్ బిడ్డా?"

"రొట్టె."

"రొట్టేనా మల్ల? కూర లేదా?"

"ఉంది. నువ్వు పండుకో అమ్మా."

ఇంకేం చెప్పను? వసారాలో ఎలా వింటారో అమ్మకు తెలుసు. ఇక్కడ వినడమంటే వేరని ఎలా చెప్పాలో తెలియలేదు. కిటికీ బయట సాయంత్రానికే చీకటి. సైకిళ్ల దీపాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అన్నీ ఎక్కడికో ఒక ఇంటికే.

చివరి రోజు ఆ ఊరి గ్రంథాలయంలో అడుగుపెట్టినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. కాగితాల వాసన అక్కడా ఒకటే. నా కుర్చీ కిటికీ పక్కన, గోడ వెంట గదికి వేడి ఇచ్చే గొట్టాల దగ్గర వేశారు. ఎదురుగా ఇంకో కుర్చీ. నా మెడలో అట్ట మీద నేను పెట్టుకున్న పేరు: 'బీడీలు చేసే ఆడవాళ్లకు పుస్తకాలు చదివిన అమ్మాయి'.

అరగంటకోసారి గంట కొడతారు. మొదటి గంట మోగింది. జనం వచ్చారు. అట్టలు చదువుతూ కుర్చీల మధ్య తిరిగారు. చూపు లేని అతని ముందు వరుస కట్టారు. నా అట్ట చదివి ఒకామె నవ్వి ముందుకు పోయింది. ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది. మా ఊరి గ్రంథాలయంలో తారీఖు పడని పుస్తకాలు గుర్తొచ్చాయి.

రెండో గంట మోగాక ఒక కుర్రవాడు వచ్చాడు. శ్రద్ధగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా కళ్లలోకి చూశాడు. నేను బట్టీ పట్టిన వాక్యాలు వరసగా చెప్పాను. అవి అయిపోయాయి. అతను ఇంకా చూస్తున్నాడు. నాకు మళ్లీ ఎవరికేమైందో అన్న భయం. "అంతే" అన్నాను. అతను చాలా మర్యాదగా థ్యాంక్స్ చెప్పి లేచి, పక్క కుర్చీ దగ్గర నిలబడి వినసాగాడు. యాత్ర నడిపే ఆమె దూరం నుంచి చూసి, ఏమీ చూడనట్టు తల తిప్పుకుంది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

తర్వాతి గంట మోగాక ఒక ముసలామె వచ్చింది. వానలో తడిసిన కోటు. అట్ట చదవలేదు. నేరుగా వేడి గొట్టాల పక్కనున్న ఆ కుర్చీలో కూలబడింది.

"ఏమనుకోకు. నాకు మోకాళ్లు నొప్పి. కాసేపు కూర్చుని పోతాను. నువ్వేం చెప్పక్కర్లేదు" అంది.

ఒళ్లో సంచి పెట్టుకుంది. సంచి నోట్లోంచి బూడిద రంగు ఊలు, రెండు అల్లిక సూదులు బయటికి కనిపిస్తున్నాయి. వాటిని నేను చాలాసేపు చూసినట్టున్నాను.

"మీరు అల్లుకుంటారా?" అని అడిగాను.

"ఇక్కడా? బాగుండదేమో. అల్లితే నీ మాట వినడం లేదనుకుంటావు."

"అల్లండి. మీరు అల్లితే నేను చెప్పగలను."

ఆమె ఒకసారి నా మొహం చూసింది. తర్వాత ఊలు తీసింది. సూదులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. ఆమె తల వంగింది. నేనూ తల వంచుకున్నాను.

అప్పుడు మాట వచ్చింది. ఇంగ్లీషు సరిగా ఉందో లేదో నాకు తెలియదు. వసారా చెప్పాను. ఆకు వాసన చెప్పాను. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయాక మా గల్లీలో పొద్దు ఎట్లా తెలిసేదో చెప్పాను. పిడికెడు గురించి చెప్పాను, పెద్దవ్వ చిటికెడు గురించి చెప్పాను. ఆమె నవ్వింది, సూదులు ఆపకుండానే. ఒకచోట సూదులు ఆగాయి. నేను టక్కున ఆగాను.

"ఏమైంది?"

"ఏం లేదు. ఒక ముడి జారింది. నువ్వు చెప్పు."

గంట మోగినా ఆమె లేవలేదు. ఇంకో గంట మోగేదాకా కూర్చుంది. చివరికి నేను ఆగాక, ఊలు చుట్టుకుంటూ తన మాట చెప్పింది. నా వైపు కన్నెత్తి చూడకుండానే.

"మా అక్క, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆమె మాట్లాడేది, నేను అల్లేదాన్ని. ఆమె పోయింది. నా కొడుకు ఆదివారాలు వస్తాడు. అమ్మా, అది పక్కన పెట్టు, నేను మాట్లాడుతున్నాను అంటాడు. పక్కన పెడతాను. పెట్టాక అతనికీ ఏం మాట్లాడాలో తెలియదు, నాకూ తెలియదు."

కోటు వేసుకుంది. నా భుజం మీద ఒక చెయ్యి వేసి, కర్ర ఆనించుకుంటూ వానలోకి పోయింది. ఆమె పేరు నేనడగలేదు. నా పేరు ఆమె అడగలేదు. పుస్తకాలను ఎవరూ ఆ మాట అడగరు కదా.

ముగింపు సమావేశంలో యాత్ర నడిపే ఆమె మళ్లీ అదే చెప్పింది. చేతులు ఖాళీగా, కళ్లలోకి చూస్తూ వినడం మనం నేర్చుకున్నాం అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ ముసలామె కోసం తలుపు వైపు చూశాను. ఆమె రావడానికి కారణమేమీ లేదు.

నిజామాబాద్ బస్టాండులో దిగి బోధన్ బస్సు ఎక్కాను. చెరుకు బండ్లు మా బస్సుకు ఎదురొస్తూ వేరే ఊళ్ల ఫ్యాక్టరీలకు పోతున్నాయి. దారంతా నేను లోలోపల కథ పేర్చుకున్నాను. ఎక్కడ ఆపాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి. సూదులు ఆగిన చోట వసారాలో కత్తెరలు మందగిస్తాయి, నాకు తెలుసు. కుర్రవాడు లేచిపోయిన చోట పెద్దవ్వ ఏదో ఒకటి అంటుంది. ఈసారి నిండు పిడికెడే వస్తుంది.

సాయంత్రం అందరూ వచ్చారు. చాటలు ఒళ్లో పెట్టుకున్నారు. నేను తెచ్చిన చాక్లెట్లు పంచాను. తంబాకు చేతులతో తింటే చేదని, అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఒక్కొక్కరు చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని చాక్లెట్ అందుకున్నారు. చాటలు గోడ వారకు జరిగాయి.

"సెప్పు బిడ్డా, ఎట్లున్నది గా దేశం?" అంది పెద్దవ్వ.

అందరూ నా మొహం వంక చూస్తున్నారు. చేతులు ఒళ్లో ఉన్నాయి. వసారాలో చిన్న చప్పుడు లేదు.

నేను గోడ వారనున్న చాట ఒకటి పెద్దవ్వ వైపు జరిపాను.

"మీరు చేసుకోండ్రి పెద్దవ్వా. చేసుకుంట ఇనుండ్రి" అన్నాను.

"అయ్యో, గట్లెట్ల? విమానమెక్కి పోయొచ్చినదానివి. నీ ముందల చేతులాడిచ్చుకుంట కూసుంటే మర్యాదనా? నువ్ సెప్పు, ఇంటున్నం."

"ఎప్పుడూ అట్లనే ఇన్నరు కదా!"

"గప్పుడు నువ్వు మా పిల్లవు" అంది ఇంకొకామె, నవ్వుతూనే. మంచి మాటగానే అంది.

పెద్దవ్వను ఒప్పించడానికి అమ్మ చాట నా ఒళ్లోకి లాక్కుని ఒక ఆకు తీశాను. చాలా ఏళ్ల తర్వాత చుట్టాను. కొస సరిగా మలవలేదు.

"గది బీడీనా, దోసకాయనా?" అంది పెద్దవ్వ. అందరూ నవ్వారు. కానీ ఎవరూ తమ చాట దగ్గరికి లాక్కోలేదు. నవ్వి, మళ్లీ నా మొహం వంకే చూశారు, ఎదురుచూస్తూ.

అప్పుడు విమానం గురించి చెప్పాను. చలి గురించి, సైకిళ్ల గురించి, దుంపల చక్కెర గురించి చెప్పాను. చుట్టాలకు చెప్పినట్టు చెప్పాను. అబ్బో అన్నారు, నిజమా అన్నారు. చీకటి పడుతుండగా చాటలు ఎత్తుకుని లేచారు. ఎవరూ పిడికెడు వేయలేదు. చేసిన బీడీలు ఉంటే కదా.

అందరూ పోయాక అమ్మ చెంబు లోపల పెట్టి వచ్చింది. నా ఒళ్లోంచి చాట తీసుకుంది. నేను చుట్టిన దాన్ని విప్పి, అదే ఆకుతో మళ్లీ చుట్టి, కత్తెర అందుకుంది. తల వంచుకుంది.

"పుస్తకమైనవా మరి?" అంది.

కత్తెర చప్పుడు మొదలైంది. ఒక్కటే కత్తెర. నేను గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, వానలో తడిసిన కోటు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.